సర్వవంశ శిల సందర్శన నియమాలు

మానవ నాగరికత మూడు దశల్లో సాగుతుంది. మొదట కడతారు, తరవాత కూలుస్తారు, ఆఖర్న టికెట్టు పెడతారు. మా కౌంటీలో మొదటి రెండు పనులూ తాతముత్తాతల కాలంలోనే పూర్తయిపోయాయి. (కూల్చడంలో బయటివాళ్ళ సాయం ఉన్నమాట నిజమే. అలాగని మనవాళ్ళ శ్రమను తక్కువ చేసి మాట్లాడకూడదు.) మూడో పని కోసం కౌంటీ పెద్దలు "వారసత్వ అనుభూతుల విభాగం" అని ఒకటి తెరిచారు.

ఈ విభాగం పుట్టకముందు మా దగ్గర శిథిలాలు చూడడం చాలా అనాగరికంగా జరిగేది. జనం రోడ్డు పక్కన కారు ఆపి, గేటు దూకి, ఆవుల్ని తప్పించుకుని, చూసి, వెళ్ళిపోయేవారు. చూసినవాడికి ఏ అనుభూతి కలిగిందో, అసలు కలిగిందో లేదో, ప్రభుత్వానికి తెలిసే దారే లేదు. అలా ఎన్ని అనుభూతులు లెక్కలోకి ఎక్కకుండా గాలికి పోయాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

క్లూన్‌బ్రాకన్ మఠం సంగతి మరీ ఘోరం. కప్పులేని గోడలు, కిటికీల్లో కాకులు, చుట్టూ సమాధులు, ముందు ఇనప గేటు, దానికో తాళం. తాళంచెవి ఎదురింటి కన్సెప్టా హెనెగన్ దగ్గర ఉండేది. అడగడానికి వెళ్ళినవాళ్ళను ఆవిడ వంటింట్లో కూర్చోబెట్టి, టీ పోసి, సోడా బ్రెడ్డు మీద వెన్న రాసిచ్చి, "మీదే ఊరు, మీవాళ్ళెవరు" అని ఆరా తీసి, వాన తగ్గాక తాళంచెవి చేతిలో పెట్టేది. తగ్గకపోతే రెండో టీ. రెండో టీ తాగకుండా క్లూన్‌బ్రాకన్ మఠం చూసినవాళ్ళు చాలా తక్కువ.

నేనావిడను వదినా అని పిలుస్తాను, ఆవిడ నన్ను డెక్లన్ అని పేరు పెట్టే పిలుస్తుంది. వరసేం లేదు. వాళ్ళాయన మాలాకీ, నేనూ పక్కపక్క పొలాలవాళ్ళం, ఒకే గోనెబస్తా కప్పుకుని వానలో చిత్తడినేల దిగి, పొయ్యిలోకి పీట్ మట్టిగడ్డలు తవ్వుకున్నవాళ్ళం. మాలాకీ పోయి కొన్నేళ్ళయింది. మఠం గేటు దాటగానే హెనెగన్ల పాత రాతిపలక కింద, వాళ్ళ తాతల సరసన ఉన్నాడు. పలక మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. కొత్తది వేయిద్దామంటే, "నేనెక్కడున్నానో తెలియనివాళ్ళు నన్ను చూడ్డానికి రానేవద్దు" అని బతికుండగానే తేల్చి చెప్పాడు. ఆ పక్కన ఇంకొక్క మనిషికి చోటుంది. అది వదినది.

వదినకు ఒక బలహీనత ఉంది. ఇంటికొచ్చినవాళ్ళను ఉత్తచేతులతో పంపలేదు. అమెరికా నుంచి వచ్చేవాళ్ళు మఠం కోసం రారు, ముత్తవ్వ కోసం వస్తారు. వాళ్ళకి ముత్తవ్వ ఇంటిపేరు తప్ప ఏమీ తెలియదు. (ఒక్కోసారి కౌంటీ కూడా ఇది కాదు.) సముద్రం దాటి వచ్చినవాడి మొహం మీద "మీవాళ్ళు ఇక్కడ లేరు" అనడం మా వైపు మర్యాద కాదు. దారి అడిగినవాడికి ఎంత దూరమైనా "ఇదిగో, ఇక్కడే" అనే చెబుతాం. ముందే నీరసపెట్టడం ఎందుకని.

అందుకని వదిన అందరికీ హెనెగన్ల పలకే చూపించేది. దానికి బలమైన కారణాలే ఉన్నాయి. అరిగిన అక్షరాల్లో ఎవరి పేరు కావాలంటే ఆ పేరు కనిపిస్తుంది. పైగా ఆవిడ స్వయంగా గడ్డి కోసే సమాధి అదొక్కటే, బూట్లు తడవకుండా వెళ్ళొచ్చు. మిగతా పూర్వీకులంతా మోకాలి లోతు దురదగొండిలో ఉన్నారు.

"మాలాకీ ఏమనుకుంటాడు వదినా?" అని ఒకసారి అడిగాను.

"ఏమనుకుంటాడు? బతికున్నన్నాళ్ళూ గేటు పట్టుకు నిలబడి మాట్లాడే మనిషి దొరుకుతాడా అని ఎదురు చూసినవాడేగా. ఇప్పుడు వాళ్ళే వచ్చి మాట్లాడుతుంటే వింటాడు. మధ్యలో అడ్డం తగలడు కూడాను" అంది.

ఇలా అందరూ సుఖంగా ఉండగా విభాగం వచ్చింది. విభాగంతో పాటు దాని సందర్శక అనుభూతి అధికారి జార్లత్ టూహీ వచ్చాడు. జార్లత్ మా ఊరి కుర్రాడే, వదిన స్నేహితురాలు బెర్నీ కొడుకు. అతను మఠం గేటు లోపల ఉన్నంతసేపూ వదినను "హెనెగన్ గారూ" అంటాడు, ఆవిడ వంటింట్లోకి రాగానే "పిన్నీ" అంటాడు. రోడ్డు మధ్యలో ఎదురైతే ఏమనాలో నియమావళిలో లేనందువల్ల తల మాత్రం ఊపుతాడు.

జార్లత్ తాళంచెవి తీసేసుకుని, ఫోన్లో యాప్ నొక్కితే తెరుచుకునే తాళం బిగించాడు. యాప్ పనిచేయాలంటే సిగ్నల్ ఉండాలి. క్లూన్‌బ్రాకన్‌లో సిగ్నల్ దొరికేది ఒక్క వదిన కోళ్ళగూడు వెనకే. కాబట్టి సందర్శకులు యథాప్రకారం ఆవిడ ఇంటికే వచ్చి, కోళ్ళ మధ్య నిలబడి ఫోను ఆకాశానికి ఎత్తి పట్టుకునేవారు. వదిన టీ అక్కడికే పట్టుకెళ్ళేది. ఆధునికీకరణ వల్ల ఎవరికీ ఏ అసౌకర్యమూ కలగలేదని విభాగం ప్రకటించుకుంది.

చూసి వెళ్ళేటప్పుడు ప్రతివాళ్ళూ స్టార్లు ఇవ్వాలి, రెండు ముక్కలు రాయాలి. ఆ ఏడాదే మా కౌంటీకి తన గురించి తనకు తెలిసింది. కోటకు రెండు స్టార్లు ("కప్పు లేదు"). కొండ మీది నిలువురాయికి ఒకటి ("నిలబడే ఉంది, అంతే"). పవిత్ర బావికి మూడు ("నీళ్ళు చల్లగా ఉన్నాయి, హెచ్చరిక బోర్డు పెట్టాలి"). క్లూన్‌బ్రాకన్‌కు మాత్రం ఐదుకి ఐదు పడ్డాయి. జనం కన్నీళ్ళు పెట్టుకుని రాశారు. గారిటీలు రాశారు, మెక్‌నల్టీలు రాశారు, డెవానీలు, కిల్‌బేన్లు, ఇటలీ పేరున్న ఒకాయన కూడా రాశాడు. గేటు పక్కన రాతిపలక కింద మా ముత్తవ్వ ఉంది, ఆ ఎదురింటి పెద్దావిడే చూపించింది, జన్మ ధన్యమైంది అని.

ఇంకో ఆఫీసులో అయితే ఒకే పలక కింద ఇంతమంది ముత్తవ్వలు ఎలా పట్టారని అడిగేవారు. అనుభూతుల విభాగం అలా చిన్నగా ఆలోచించదు. ప్రాచీన కాలంలో అన్ని వంశాలూ కలిసిన మహా సమాధి బయటపడిందని నిర్ధారించి, దానికి "సర్వవంశ శిల" అని పేరు పెట్టింది. నాలుగురోడ్ల కూడలిలో గోధుమరంగు బోర్డు లేచింది. పలక చుట్టూ తాడు కట్టారు. తాడు లోపల తవ్వరాదు, నాటరాదు, పూడ్చరాదు.

వదిన ఆ బోర్డు చదివిన రోజు నాకు కబురు పెట్టింది. వెళ్ళేసరికి జార్లత్ వంటింట్లో కూర్చుని ఉన్నాడు. ముందు టీ ఉంది గానీ తాగడం లేదు.

"ఒరే జార్లత్, మొన్న డాక్టరు నా గుండె చూసి పెదవి విరిచాడు" అంది వదిన, బ్రెడ్డు కోస్తూనే. "చలికాలం గడిస్తే గడిచినట్టట. నేను ఏడవడానికి పిలవలేదు నిన్ను. నాకు ఆయన పక్కన పడుకోవాలనుంది. ఆ మనిషి గురకకి అలవాటుపడ్డ ప్రాణం ఇది. ఇప్పుడు నన్ను తీసుకెళ్ళి బైపాసు పక్కన కొత్త శ్మశానంలో ముక్కూమొహం తెలియనివాడి పక్కన పడుకోబెడితే నాకు నిద్ర పట్టదు. ఆ తాడు విప్పు."

"పిన్నీ, అది మాలాకీ బాబాయి సమాధని నాకు తెలియదా? నేను కూడా మోశాను కదా పెట్టెని."

"మరింకేం?"

"నాకు తెలిస్తే చాలదు పిన్నీ. విభాగానికి తెలియాలి."

"నేను చెప్తాగా. నేనా వచ్చినవాళ్ళందరికీ చెప్పింది అబద్ధమని ఒప్పుకుంటా. ఎక్కడ ఒప్పుకోమంటావో చెప్పు, కోటేసుకుని వస్తా."

జార్లత్ కప్పులోకి చూస్తూ నసిగాడు. "అబద్ధమని మీరొక్కరే అంటున్నారు. నిజమని ఇన్ని కుటుంబాలు అంటున్నాయి. పైగా ఒకసారి బోర్డు మీదికి ఎక్కిన మాటను దింపే అధికారం మాకు లేదు. ఎక్కించడం వరకే మా పని."

"ఇంటిపేరు చూడరా," అన్నాను నేను. "ఆవిడ హెనెగన్, పలక హెనెగన్లది."

"పలక మీద లేదుగా మామా."

అది నిజమే. మాలాకీ మొండితనం ఇన్నాళ్ళకి మా కొంప ముంచింది. అయితే నియమావళి క్రూరమైనది కాదని, రెండు దారులు ఉంచిందని జార్లత్ చెప్పాడు. నమోదైన వంశస్థుల్లో ఏ ఒక్కరైనా "ఇది మావాళ్ళ సమాధి కాదు" అని తమ మాట వెనక్కి తీసుకుంటే విచారణ తెరుస్తారు, విచారణ జరిగినంతకాలం తాడు ఉండదు. లేదా ఈ ఏటి సీజను ముగిసేసరికి శిల సగటు నాలుగు స్టార్ల కన్నా తగ్గిపోతే, అది ఆకర్షణ హోదా కోల్పోయి మళ్ళీ మామూలు సమాధి అయిపోతుంది. సీజను, ఏటా ఫాదర్ వచ్చి సమాధుల మీద పవిత్రజలం చల్లే దీవెన ఆదివారంతో ముగుస్తుంది.

"సగటు పడిపోతే నీ సంగతేంట్రా?" అంది వదిన.

"నాది కాంట్రాక్టు కదా పిన్నీ. నాలుగు దాటితే పర్మినెంటు చేస్తామన్నారు." అతని భార్యకు నెలలు నిండుతున్నాయని ఊరందరికీ తెలుసు.

ఊళ్ళో హాల్లో ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరిగింది. అది నియమం. నేను లేచి, "అది మాలాకీ హెనెగన్ సమాధి, మనందరం దగ్గరుండి పూడ్చాం" అన్నాను. ఊరు ఊరంతా నేల చూపులు చూసింది. బస్సులు వచ్చినప్పటి నుంచి పబ్బులో శాండ్‌విచ్ వేడిచేసే మిషను చల్లారింది లేదు, ఎవరి ఇంట్లో చూసినా అద్దెకిచ్చిన గదులే. ఒకాయన గొంతు సవరించుకుని, "మాలాకీ మంచివాడు, పాపం" అన్నాడు. అందరూ అవునన్నారు. స్థానికులకు ఆ శిల మీద గాఢమైన మమకారం ఉన్నట్టు సమావేశంలో తేలిందని విభాగం రాసుకుంది. ఆ రోజు నాకు వచ్చిన కోపానికి ఇంటికెళ్ళి కుక్కతో కూడా మాట్లాడలేదు.

ఇక మిగిలింది వంశస్థులు. వాళ్ళందరికీ ఒక సంఘం ఉంది, దానికి అధ్యక్షుడు ఒహాయోలో ఉండే వెండెల్ గారిటీ. ఆయన బస్సుతో వస్తున్నాడని తెలిసి వదినను నేను దగ్గరుండి తయారుచేశాను. ఆవిడ రోడ్డు దాటుతూ పాఠం అప్పజెప్పింది.

"అప్పుడు నేను చెప్పింది అబద్ధం బాబూ, ఏమనుకోకు, అది మా ఆయన సమాధి. అంతేగా?"

"అంతే వదినా. మూడు ముక్కలు. చెప్పేసి వచ్చెయ్."

వెండెల్ గారిటీ భారీ మనిషి. వానకోటు వేసుకుని, టోపీ తీసి చేత్తో పట్టుకుని, తాడు పక్కన తడి నేల మీద మోకాళ్ళేసి ఉన్నాడు. వదినను చూడగానే లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అమ్మా, మీరింకా ఉన్నారు. దేవుడు మంచివాడు. మా అమ్మ పోయింది ఈ ఏడు. అనాథాశ్రమంలో పెరిగింది, ఈ లోకంలో నాకెవరూ లేరని జీవితమంతా అనేది. మీరు చూపించిన ఈ రాయి ఫోటో మంచం పక్కనే పెట్టుకుంది. ఆఖరిరోజుల్లో ఒకటే మాట, నాకూ ఒక ఊరుందిరా వెండెల్ అని."

వదిన నోరు తెరిచింది. నేను వెనకనుంచి ఆవిడ కోటు అంచు లాగాను.

"మీ ముత్తవ్వ," అంది వదిన, "పొడుగు మనిషి."

"నిజంగానా?"

"ఆ గుమ్మంలోంచి వంగి రావలసిందే. మంచి గొంతట. పాడితే చర్చిలో మిగతావాళ్ళు ఆపేసేవాళ్ళట. బాతులంటే మాత్రం భయం."

"మా అమ్మకి కూడా బాతులంటే భయమే" అన్నాడు వెండెల్, వెక్కుతూ.

"రక్తం ఎక్కడికి పోతుంది నాయనా" అంది వదిన, ఆయన వీపు నిమురుతూ.

రోడ్డు దాటి తిరిగొస్తూ, "చెప్పేశావు వదినా. భలే చెప్పేశావు" అన్నాను.

"నోర్ముయ్. ఆ మొహం చూశావా నువ్వు? ఆ మొహానికి చెప్పమంటావా, మీ అమ్మ మంచం పక్కన పెట్టుకున్నది మా మాలాకీ ఫోటో అని?" అంది. గుమ్మం దగ్గర ఊపిరి అందక కాసేపు గోడ పట్టుకుని నిలబడింది. నాకు ఆవిడ మీద కోపం, ఆవిడను చూస్తే భయం, రెండూ ఒకేసారి వచ్చాయి.

ఇక స్టార్ల దారే మిగిలింది. అందులో మాకు దేవుడు సాయపడ్డాడు. ఆ వేసవి వాన ఆగలేదు. మరుగుదొడ్డి లేదని ఒక బస్సు మొత్తం ఒక్కో స్టారు కొట్టింది. జర్మనీ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి పలక మీద అక్షరాలు ఏవీ చదవలేకపోయానని, ఇదేం సమాధని, భూతద్దంతో సహా వచ్చి రాశాడు. (సీజను మొత్తంలో శిలను చూసినవాడు ఆయనొక్కడే. మిగతావాళ్ళంతా తమ ముత్తవ్వను చూశారు.) దీవెన ఆదివారం నాటికి సగటు నాలుగుకు వెంట్రుకవాసి కింద వేలాడుతోంది. ఇంకొక్క చెడ్డ మాట పడితే చాలు, లేవదు. ఆ మాట నా ఫోనులోంచి, వదిన చేత్తోనే పడాలని అట్టే పెట్టాం. చోటు ఆవిడదైనప్పుడు వేలు కూడా ఆవిడదే ఉండాలి కదా.

ఆదివారం అందరూ ఎవరి సమాధుల దగ్గర వాళ్ళు నిలబడ్డారు. గొడుగుల కింద పిల్లాజెల్లా, ప్లాస్టిక్ డబ్బాల్లో కేకులు, ఫాదర్ కోల్మన్ ఒక్కో కుటుంబం దగ్గరికీ వచ్చి పవిత్రజలం చల్లుతున్నాడు. (పైనుంచి అంతకన్నా ఎక్కువ పడుతోంది, అయినా అది లెక్కలోకి రాదు.) మాలాకీ సమాధి దగ్గర ఒకేరంగు వానకోట్లలో మూడు బస్సుల జనం. వాళ్ళ స్టార్లు ముందురోజే లెక్కలో పడిపోయాయి, మనిషికి ఒక్కసారే.

తాడు దగ్గర కొత్తగా పెట్టిన చిన్న గేటును యాప్‌తో తెరవాలి. వంశస్థుల సంఘం కానుకగా ఇచ్చిన సిగ్నల్ స్తంభం పక్కనే మెరుస్తోంది. నా ఫోను వదిన చేతికిచ్చాను. "మరణించినవారికి మీరేమవుతారు?" అని అడిగింది ఫోను. మునిమనవడు లేదా మునిమనవరాలు, ఇనిమనవడు లేదా ఇనిమనవరాలు, శ్రేయోభిలాషి. అంతే ఉన్నాయి. వదిన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కిందిదాకా చూసింది.

"భార్య లేదేంట్రా డెక్లన్?"

"ఇంతకాలం భార్యలు బతికుండరు కదా వదినా, అందుకని పెట్టి ఉండరు."

శ్రేయోభిలాషి నొక్కింది. గేటు తెరుచుకుంది. వెండెల్ గారిటీ చూసి, తనవాళ్ళను పక్కకు జరిపి, "ఈ పెద్దావిడకి కూడా కాస్త జాగా ఇవ్వండి, ఇక్కడివారే" అన్నాడు. ఇచ్చారు. ఫాదర్ కోల్మన్ వచ్చి, వానకోట్ల మీద, పలక మీద, వదిన మీద సమానంగా జలం చల్లి, ఆవిడ కళ్ళలోకి చూడకుండా పక్క సమాధికి వెళ్ళిపోయాడు.

బయటికి రాగానే ఫోను మోగింది. "మీ అనుభూతికి ఎన్ని స్టార్లు?" జార్లత్ గేటు పక్కన నిలబడి ఉన్నాడు. అధికారి కోటు తడిసి ముద్దయింది. మా వైపు చూడకుండా ఉండాలని చాలా కష్టపడుతున్నాడు. ఆ పక్కనే గొడుగు కింద నిండు కడుపుతో అతని భార్య, ఆమె చెయ్యి పట్టుకుని బెర్నీ.

"ఒకటి నొక్కు వదినా," అన్నాను మెల్లిగా. "ఒక్కటి. అయిపోతుంది. తాడు రేపే తీసేస్తారు."

వదిన బొటనవేలు గౌనుకు తుడుచుకుంది. మాలాకీ వైపు ఒకసారి చూసింది. జార్లత్ వైపు ఒకసారి చూసింది. తరవాత నొక్కి, ఫోను నా చేతిలో పెట్టేసింది. ఐదు స్టార్లు వెలుగుతున్నాయి.

"ఏం చేశావో తెలుసా?" అన్నాను.

"తెలుసు. బెర్నీ ముందు ఆ పిల్లాడి పొట్ట కొట్టి, నేను ఆయన పక్కకెళ్ళి పడుకుంటే ఆయన ఊరుకుంటాడా? పద, చలేస్తోంది. వాళ్ళందరికీ టీ పెట్టాలి."

సగటు నాలుగు దాటింది. సోమవారం విభాగం తన నిర్ణయం ప్రకటించింది. సందర్శకుల సంతృప్తి సంపూర్ణంగా రుజువైనందున సర్వవంశ శిలకు శాశ్వత రక్షణ కల్పించడమైనదని, ఆ ఆవరణలో ఇకమీదట ఎప్పటికీ ఎవరినీ పూడ్చరాదని, ఈ నిర్ణయానికి స్థానిక శ్రేయోభిలాషి ఒకరు స్వయంగా వచ్చి మద్దతు తెలిపారని అందులో ఉంది.